మడోడా అనకూడని కోడలు

త్సోమో నదికి పైన, కొండ కొమ్మున ఉన్న ఊళ్లో వూయెల్వా అనే పిల్ల ఉండేది. అమ్మానాన్నలు కేప్‌టౌన్‌లో పనిచేస్తూ క్రిస్మస్‌కి మాత్రం వచ్చేవారు. పిల్లని పెంచింది తాత జోంగిలాంగా. ఆయన మాటకారి. పశువుల దొడ్డి దగ్గర మగవాళ్లంతా కూడినప్పుడు ఆయన లేచి, చేతికర్ర నేలకానించి, "మడోడా!" అనేవాడు. మగవాళ్లారా, అని. ఆ ఒక్క మాటకి గొంతు సవరించుకునేవాడు సవరించుకోవడం మానేవాడు, చుట్ట వెలిగించేవాడు అగ్గిపుల్లని చేతిలోనే కాలనిచ్చేవాడు.

తాత నోట్లో బరువుగా ఉన్న ఆ మాట మనవరాలి నోట్లో బంతిలా ఎగిరేది. కుండ పగిలితే "మడోడా!", కోడి గుడ్డు పెడితే "మడోడా!", మబ్బు పడితే "అయ్యో, మడోడా!" నిజానికి మా వైపు ఆడవాళ్లు కూడా ఆశ్చర్యం వేస్తే ఆ మాటే అంటారు, మగవాళ్లు దరిదాపుల్లో లేకపోయినా సరే. కానీ వూయెల్వా గొంతు మామూలు గొంతు కాదు. ఆ పిల్ల పెరట్లో అరిస్తే లోయ అవతలి వాళ్లు "ఏమైందేమైంది" అంటూ బయటికి వచ్చేవాళ్లు.

"నీ గొంతు దేవుడు చర్చి గంట కోసం దాచి ఉంచాడే," అనేవాడు తాత. "పొరపాటున నీకిచ్చాడు."

"మరి గంటకేమిచ్చాడు తాతా?"

"నీకు రావాల్సిన సిగ్గు దానికిచ్చాడు. అందుకే ఎవరైనా లాగితే తప్ప మోగదు."

ఆ గొంతే ఆమెకి పెళ్లి కుదిర్చింది. బటర్‌వర్త్ నుంచి వచ్చే బస్సులో ఒక శనివారం ఆమె ఎక్కింది. పైన బస్తాలో ఎవరివో గుమ్మడికాయలు. మలుపులో బస్తా మూతి విప్పుకుని గుమ్మడికాయలు ఒకదాని వెంట ఒకటి సీట్ల మధ్యకి దూకాయి. వూయెల్వా గుండెల నిండా గాలి పీల్చి "మడోడా!" అంది. బస్సులో ఉన్న మగవాళ్లందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. లేచినవాళ్లంతా గుమ్మడికాయల మీద పడ్డారు. ఒక బడి కుర్రాడు కూడా లేస్తే, పక్కనున్న ముసలమ్మ చొక్కా పట్టి కిందకి లాగింది.

"నువ్వెక్కడికిరా? కొండకెళ్లి ముఖాన తెల్లమట్టి పూసుకుని మగవాడివై వచ్చాక లేద్దువుగాని. ఆ మాట నీ సైజు కాదు, కూర్చో!"

బస్సంతా ఘొల్లుమంది. కండక్టర్ బోనిలే గుమ్మడికాయని చంకలో పెట్టుకుని ఆమె ముందు నిలబడి టిక్కెట్ ఇవ్వడం మర్చిపోయాడు. ఆ తరవాత కూడా చాలా వారాలు మర్చిపోయాడు.

ఏడాది తిరక్కుండా బోనిలే వైపు పెద్దమనుషులు ముగ్గురు సంబంధం మాట్లాడటానికి వచ్చారు. లోపల పొయ్యి దగ్గర ఆడవాళ్లంతా గోడకి చెవులు ఆనించి కూర్చున్నారు. వూయెల్వా అందరికంటే ముందు.

"మేము నది ఒడ్డున ఉన్న భేలే వంశంవాళ్లం," అన్నాడు బయట ఒకాయన. "మమ్మల్ని పంపినవాడు మడోడా."

"ఏ మగవాళ్లు?" అన్నాడు తాత.

"మగవాళ్లు కాదు పెద్దాయనా. మడోడా. పిల్లవాడి తండ్రి పేరే అది."

 గోడ ఇవతల వూయెల్వా పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తరవాత భుజాలు కదిలాయి. తరవాత ఆమె నేలమీద పడి దొర్లింది. ఆమెని చూసి మిగతావాళ్లు.

ఎందుకంటే, మావాళ్లలో కోడలు మామగారి పేరు పలకకూడదు. పేరు సరే, ఆ పేరులాగా వినిపించే ఏ మాటా పలకకూడదు. మామగారి పేరు నిప్పు అయితే ఆ ఇంట్లో కోడలు నిప్పుని "వేడిది" అనాలి, లేదా "ఎర్రది" అనాలి. అందుకే మా ఆడవాళ్ల దగ్గర ఒక భాష లోపల ఇంకో భాష ఉంటుంది. ఇప్పుడు వూయెల్వా వెళ్లబోయే ఇంట్లో పలకకూడని మాట ఏదంటే, సరిగ్గా ఆమె ఊపిరి తీసి వదిలే మాట.

వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లాక తాత ఆమెని పిలిచాడు.

"ఇంకో కుర్రాణ్ణి చూసుకోవే తల్లీ. బటర్‌వర్త్ బస్సులు బోలెడు, కండక్టర్లు బోలెడు మంది."

"కుర్రాడు వీడే తాతా. మాట ఇంకోటి చూసుకుంటాను."

బోనిలేని మాత్రం ఆదివారం నది దగ్గర పట్టుకుని నిలదీసింది.

"మీ నాన్న పేరు ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వడగలేదుగా. ఊళ్లో అందరూ ఆయన్ని 'భేలే' అనే పిలుస్తారు. నాకే అప్పుడప్పుడు గుర్తుండదు."

"అబద్ధాలకోరూ!"

"చెబితే వస్తావా?"

ఆమె ఆలోచించి, "వస్తాను. కానీ రెండు రోజులు ఏడ్చి వస్తాను," అంది.

అత్తగారు మాజోలా చిన్న మనిషి, చూపు పెద్దది. కోడలు వచ్చిన మర్నాడు, నుదుటిమీదకి దించి కట్టిన తలగుడ్డా, భుజాలమీద శాలువా సర్ది, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ ఇంట్లో నీ పేరు నోజోలిలే. అంటే నెమ్మదస్తురాలు. పిలుస్తూ ఉంటే అవుతావేమోనని పెట్టాం."

"అలాగే అత్తమ్మా," అంది వూయెల్వా. చూరులో పావురాలు ఎగిరిపోయాయి.

మాజోలా కళ్లు మూసుకుని తెరిచింది. "మామగారి పేరు నీకు తెలుసు. ఆ పేరు అనవు. మగవాళ్లని ఆ మాటతో అనవు. ఆ 'డో' ఉన్న మాట ఏదీ అనవు."

"ఏదీనా? మరి డోం..." అని వూయెల్వా నాలుక కరుచుకుంది. డోంబోలో ఆమెకి ప్రాణం. కూర గిన్నెలో కూర మీదే పెట్టి ఆవిరికి ఉడికించే ఆ పిండి ముద్దలు తినొచ్చుగానీ, అడగడానికి వీల్లేదు. మోకాలిని మేము ఇడోలో అంటాం, అదీ పోయింది. పట్నాన్ని ఇడోలోఫు అంటాం, అదీ పోయింది. మొగుడు రోజూ పొద్దున్నే ఎక్కడికి వెళ్తాడో చెప్పడానికి కూడా ఆమెకి మాట మిగల్లేదు.

అక్కడి నుంచి ఇంట్లో పండగే. ఆడపడుచు తోబేకాకి పదిహేడేళ్లు. వదిన చేత ఆ 'డో' పలికించడం తప్ప వేరే వ్యాపకం పెట్టుకోలేదు.

"వదినా, మా అన్నయ్య ఎక్కడికెళ్లాడు?"

"రేకుల కప్పులు ఎక్కువున్న చోటికి."

"కింద పడ్డావుగా, ఎక్కడ దెబ్బ తగిలింది?"

"కాలు మడతపడే చోట."

"ఆదివారం ఏం వండుకుందాం?"

వూయెల్వా నోరూరుతున్నా నిబ్బరంగా, "మూతకింద ఉబ్బేవి," అంది. "తెల్లగా, బొద్దుగా, అచ్చం నీ బుగ్గల్లాంటివి."

తోబేకా నెలలపాటు వల వేసి ఒక్క 'డో'ని కూడా పట్టలేకపోయింది. కానీ అసలు చిక్కు అక్కడ లేదు. ఆలోచించి అనే మాటల్ని మార్చుకోవచ్చు. ఆలోచించకుండా వచ్చేదాన్ని ఎలా మార్చుకుంటారు? పాలు పొంగితే, పాము కనిపిస్తే, మొగుడు వెనకనుంచి వచ్చి గిల్లితే నోటంట ఏం రావాలి? మొదట్లో "మ..." అని ఆగిపోయేది. రోజంతా ఇంట్లో "మ!", "మ్మ!" అని వినిపించేది. పక్కింటివాళ్లు ఈ ఇంట్లో కొత్తగా దూడ పుట్టిందనుకున్నారు.

ఒక మధ్యాహ్నం మామగారి లాగులు ఆరేస్తుంటే పంది ఒకటి వచ్చి తీగకింద దూరింది. వూయెల్వా గుండెల్లోంచి ఆ మాట బయలుదేరింది. గొంతుదాకా వచ్చింది. కళ్లముందు లాగులు ఊగుతున్నాయి.

"లాగులారా!" అని అరిచింది. "ఓ లాగులారా!"

పంది పారిపోయింది. మాజోలా గుమ్మంలోకి వచ్చి కోడలి వంక చూసి, తీగ వంక చూసి, లోపలికి వెళ్లింది. కాసేపటికి లోపల పళ్లెం కింద పడ్డ చప్పుడు, ఆ వెనకే దగ్గు. అది దగ్గు కాదని తోబేకా ప్రమాణం చేసి చెప్పింది. అమ్మ నవ్వితే అలాగే ఉంటుందట. తను పుట్టాక అది మూడోసారో నాలుగోసారో.

మాట దొరికింది. ఇక ఆమెని పట్టేవాళ్లు లేరు. "లాగులు బీరు తాగడానికి వెళ్లాయి." "లాగులకి అన్నం పెట్టానత్తమ్మా." వర్షం వస్తే "అయ్యో, లాగులారా!" నీళ్లకి వెళ్లిన కోడళ్లందరికీ ఆ మాట తెగ నచ్చింది. వాళ్ల మామగార్ల పేర్లు వేరే అయినా, ఆ మాట అనడంలో ఉన్న హాయి వాళ్లు వదులుకోదలచలేదు. రెండు నెలల్లో నది ఒడ్డున మగవాడంటే లాగే. దుమీలే అని ఒక పెద్దాయన ఉండేవాడు, ఆచారం దగ్గర వెంట్రుకంత సందు ఇచ్చేవాడు కాదు. ఆయన చర్చికి నడుస్తుంటే వెనక ఇద్దరు ఆడవాళ్లు "ఆ లాగు బాగా ముసలిదైంది పాపం," అనుకోవడం ఆయన చెవిన పడింది. ఆయనది ఆ ఉదయమే వేసుకున్న కొత్త లాగు. మధ్యాహ్నం దాకా ఆయనకి విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు రోజులు అన్నం సయించలేదు.

మామగారు మడోడా మాత్రం ఏమీ అనలేదు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో గుర్తొచ్చినట్టు పెదవి చివర నవ్వుతూ ఉండే మనిషి. ఆయనకి ప్రాణం తన గాడిద. గాడిదకి ప్రాణం తన ఇష్టం.

మార్చి నెల వానలకి త్సోమో పొంగింది. ఆ రోజు పొద్దున ఎండ కాసింది. నీళ్లు తగ్గాయిలే అనుకుని మడోడా అవతలి ఒడ్డున దుకాణానికి వెళ్లి, మొక్కజొన్న పిండి బస్తా గాడిద మీద వేసుకుని తిరిగొస్తున్నాడు. రేవులో సగం దూరం వచ్చాక గాడిద ఒక బండమీద ఎక్కి ఆగింది. ఆగి, ఇక్కడ బాగానే ఉంది కదా అన్నట్టు చెవులు వెనక్కి పెట్టింది. పైన కొండల్లో ఎక్కడో కురిసిన వాన అప్పుడే కిందికి వస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగానే నీళ్లు ఎర్రబడ్డాయి, రేవు రాళ్లు మునిగాయి, పెద్దాయన బస్తాని కౌగిలించుకుని గాడిద మీదకి ఎక్కాడు.

ఒడ్డున బట్టలుతుకుతున్నది ఇద్దరే. మాజోలా, వూయెల్వా. మగవాళ్లంతా గట్టు పైన, కొత్త ఇంటికి గడ్డి కప్పడం పూర్తయిందని బీరు కుండ చుట్టూ చేరారు. అక్కడి నుంచి నది కనిపించదు, వినిపిస్తుంది.

"అరువ్!" అంది మాజోలా. "అరవవే!"

వూయెల్వా అరిచింది. "లాగులారా! ఓ లాగులారా! నదిలో!"

పైన పాట ఆగింది. "ఏమిటట?" అన్నాడొకడు. "బోనిలే పెళ్లాం. బట్టలుతుకుతోందిగా, లాగులు నదిలో కొట్టుకుపోతున్నాయట." "ఎవరివి?" "ఎవరివైతేనేం, కింద మలుపులో పిల్లల్ని పట్టుకోమనండి." పిల్లలు పది మంది కర్రలు తీసుకుని ఆనందంగా కింది మలుపుకి పరుగెత్తారు. పైన పాట మళ్లీ మొదలైంది.

"లాగులారా! మునిగిపోయేలా ఉంది!"

"మునిగిపోతే పోనీ అమ్మా!" అని పైనుంచి ఎవరో తియ్యగా ఓదార్చారు. "కొత్తవి కొనిస్తాడులే!"

నీళ్లు గాడిద కడుపుని తాకాయి. మడోడా ఒడ్డున ఉన్న ఇద్దరి వంకా చూసి చెయ్యి ఊపాడు. ఎందుకూపాడో ఆయనకే తెలియదు. వూయెల్వా అత్తగారి వంక చూసింది. మాజోలా కూడా ఒకప్పుడు ఆ ఇంటికి కోడలుగా వచ్చిందే. ముప్ఫయ్యేళ్ల కాపురంలో మొగుణ్ణి ఒక్కసారీ పేరుపెట్టి పిలవలేదు.  ఉన్నట్టుండి ఆమె తడి దుప్పటి చుట్టచుట్టి కోడలి వీపు మీద ఒక్కటి వేసింది.

"ఏం చూస్తావే! అది కాదు! అదను! అసలుది!"

"అత్తమ్మా, అది..."

"అనమంటున్నానా లేదా!"

ఏడాది పైగా నోట్లోనే ఉండిపోయిన మాట అది. పొద్దునా సాయంత్రం మింగిన మాట. వూయెల్వా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, తలగుడ్డ జారిపోయేలా తల వెనక్కి విరిచి, వదిలింది.

"మ-డో-డా!"

అవతలి గట్టుకి కొట్టుకుని తిరిగొచ్చింది. కుక్కలు లేచాయి. దుకాణంలో తక్కెడ ఆగిందంటారు, అది నేను నమ్మను. పైన బీరు కుండ దొర్లిన చప్పుడు మాత్రం నిజం. ఎందుకంటే ఆ మాటకి కూర్చుని ఉండటం మా మగవాళ్లకి చేతకాదు. చివరి గడ్డి కట్ట సరిచూడ్డానికి కప్పెక్కినవాడు నిచ్చెన మర్చిపోయి దూకాడు. ముప్ఫయ్ మంది గట్టు మీద ఒక్కసారిగా కనిపించారు.

అదే క్షణంలో నది మధ్య గాడిద మీంచి, బస్తా వెనకనుంచి, సన్నటి మర్యాదైన గొంతు ఒకటి వినిపించింది.

"ఇక్కడే ఉన్నానమ్మాయ్! ఎందుకు పిలిచావ్?"

మగవాళ్లు చేతులు చేతులు కలిపి గొలుసుకట్టి నీళ్లలోకి దిగారు. ముందు బోనిలే. ఆ రోజు అతనికి సెలవు. పెద్దాయన బస్తా వదలనన్నాడు. బస్తా వదిలితేగాని తీసుకెళ్లం అన్నారు వాళ్లు. నది మధ్యలో కాసేపు బేరం నడిచింది. చివరికి ఆయన్నీ బస్తానీ కలిపి దుప్పట్లో మూటకట్టి మోసుకొచ్చారు. ఒడ్డున పడేశాక చూస్తే బస్తాలో పిండి తడిసి ముద్దై, అంతా ఒక్క పెద్ద పిండివంటలా తయారైంది. గాడిద తనంతట తనే ఈదుకొచ్చి అందరికంటే ముందు ఇంటికి వెళ్లిపోయింది.

అప్పుడు అందరికీ అర్థమైంది, కోడలు అరిచింది మామగారి పేరని. వూయెల్వా తలగుడ్డ ముఖం మీదకి లాక్కుని కూలబడింది. కింది మలుపు నుంచి పిల్లలు వచ్చి, "ఒక్క లాగూ దొరకలేదు," అని నిరాశగా చెప్పారు.

ఆ శనివారం దుమీలే పట్టుబట్టి దొడ్డి దగ్గర సభ పెట్టించాడు. కోడళ్లు అటువైపు అడుగుపెట్టకూడదు కాబట్టి వూయెల్వా, అత్తగారూ గుడిసె పక్కనున్న పొట్టి రాతిగోడ వెనక కూర్చున్నారు. వాళ్లతోపాటు ఊళ్లో సగం మంది ఆడవాళ్లు.

"మడోడా!" అని మొదలెట్టాడు దుమీలే.

"ఊఁ," అన్నాడు మామగారు.

"నిన్ను కాదు భేలే. అందర్నీ. ఈ కోడలు మామగారి పేరు రెండు ఊళ్లకి వినపడేలా అరిచింది. అది మొదటిది. రెండోది, ఈ కోడలు వచ్చాక మనం మగవాళ్లం కాకుండా పోయాం. లాగులమయ్యాం. పూర్వీకులు మనకిచ్చిన మాట ఉంది. నేలమీద కర్ర కొడితే వచ్చే చప్పుడు, డో అని ఒకటి, డా అని ఒకటి. అందులోంచి పుట్టిన మాట అది. దాన్ని తీసుకెళ్లి..."

"అది కర్ర చప్పుడు కాదు," అన్నాడు ఇంకో ముసలాయన. "ఎద్దు నడిచే చప్పుడు. మా తాత చెప్పాడు."

"మీ తాతకి చెవుడు!"

అక్కడ బడి టీచర్ వేలిలే చెయ్యెత్తాడు. ఆయనకి సభల్లో కూడా చెయ్యెత్తే అలవాటు.

"పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. పైన ఉత్తరాన మన భాషకి చుట్టాలైన భాషలు చాలా ఉన్నాయి. వాటిల్లో చాలాచోట్ల మగవాడిని 'లూమే' లాంటి మాటతో అంటారు. మన దగ్గరా అది మిగిలింది. మేనమామని మాలూమే అంటాం కదా? మా అంటే అమ్మ. లూమే అంటే మగ. మగ అమ్మ అన్నమాట."

"మా మేనమామకి గడ్డం ఉంది!" అని ఎవరో కోపంగా అన్నారు.

"ఉండొచ్చు. నేనంటున్నది ఏమిటంటే, మనం, జులూలు, స్వాజీలు, న్డెబెలేలు, మనవాళ్లు మాత్రమే ఆ పాత మాట పక్కన పెట్టి ఈ 'డోడా' పట్టుకున్నాం. ఎక్కడినుంచి తెచ్చామో నాకు తెలియదు. నేను అడిగినవాళ్లెవరికీ తెలియదు."

 పుట్టినప్పటినుంచీ తొడుక్కున్న చొక్కా ఎవరిదో తెలియదని చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది దొడ్డి దగ్గరున్న మగవాళ్లకి. మామగారి పెదవి చివర ఉన్న నవ్వు మెల్లగా ముఖమంతా పాకింది.

"నాకు తెలుసేమో," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"తెలుసని కాదు. తోస్తోంది. ఎప్పుడో మన పూర్వీకుల్లో లూమే అని పేరున్న ఒక పెద్దమనిషి ఉండి ఉంటాడు. ఆయనకి ఒక కోడలు వచ్చి ఉంటుంది. పెద్ద గొంతుది. మామగారి పేరు అనకూడదు. పంది వచ్చింది. ఏం చేస్తుంది పాపం? నోటికొచ్చింది అరిచి ఉంటుంది. డోడా అని. మిగతా కోడళ్లకి అది నచ్చి ఉంటుంది." ఆయనకి నవ్వు ఆగడం లేదు. "దుమీలే, నువ్వు కర్ర నేలకానించి ఇంత ఠీవిగా అంటావే ఆ మాట, అది కోడలు మామ పేరు తప్పించుకుంటూ విసిరిన మాటేమో! మన తాతలు ఏరుకుని నెత్తిన పెట్టుకున్నారేమో!"

గోడ వెనక ఆడవాళ్లు ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు. ఇవతల మగవాళ్లు నవ్వకూడదని గడ్డాలు పట్టుకున్నారు గానీ ఎక్కువసేపు పట్టుకోలేకపోయారు.

"అంటే," అన్నాడు దుమీలే, "మన మునిమనవలు పెద్ద సభల్లో లేచి 'లాగులారా' అంటారా?"

"అంటారు. ఎంతో గౌరవంగా అంటారు."

వేలిలే టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది ఆయన ఎక్కడా చదవలేదు, తప్పని చెప్పడానికీ ఆయన దగ్గర ఏమీ లేదు.

నవ్వులు తగ్గాక దుమీలే పట్టు వదల్లేదు. "సరే. కానీ పేరు అరిచిన సంగతి? ఎవరనమన్నారు ఆమెని?"

గోడ వెనక వూయెల్వా తల దించుకుంది. చెప్పకూడదని మనసులో ఒట్టు పెట్టుకుని ఉంది. ఆమె పక్కన ఉన్న చిన్న మనిషి లేచి నిలబడింది. లేచినా గోడ మీంచి తలగుడ్డ మాత్రమే కనిపించింది.

"నేననమన్నాను," అంది మాజోలా. "కొట్టి మరీ అనిపించాను. జరిమానా వేస్తే ఇద్దరికీ వెయ్యండి. ఆ నీళ్లు ఇంకోసారి వస్తే ఇంకోసారి కొడతాను."

మామగారు ఆ తలగుడ్డ వంక చాలాసేపు చూశాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"మడోడా," అన్నాడు. తన పేరు తనే పెట్టి సభని పిలిచినట్టయింది. ఎవరికి నవ్వొచ్చినా ఆపుకున్నారు. "పిల్ల పిలిచింది. ఎవరొచ్చారు? నేను రాలేదు. నేను గాడిద మీద ఉన్నాను. వచ్చింది మీరు. పిలిస్తే వచ్చినవాళ్లనే పిలిచినట్టు. కాబట్టి నా పేరు ఎవరూ అనలేదు."

"ఇక్కడే ఉన్నానని పలికావుగా!"

"మర్యాదకి పలికాను. ఇకనుంచి ఈ ఇంట్లో పద్ధతి ఇది. నీళ్లు మోకాలు దాటితే కోడలు ఆ మాట అనొచ్చు. పూర్వీకులకి నేను చెప్పుకుంటాను. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, పుట్టింటినుంచి ఒక కోడిని తెస్తే వాళ్ల మనసు కూడా కుదుటపడుతుంది."

గోడ వెనకనుంచి, ఎంత తగ్గించుకున్నా లోయ దాటే గొంతు ఒకటి వచ్చింది. "మామయ్యా, నీళ్లు ఎందాకా వచ్చాయని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? ఆ మాట కూడా నాకు లేదుగా!"

ఆ సభ అక్కడితో ముగిసింది. ఎవరూ ముగించలేదు. కూర్చోగలిగినవాళ్లు మిగల్లేదు, అంతే.

కోడిని తీసుకురావడానికి వూయెల్వా పుట్టింటికి వెళ్తే తాత కథంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. "నేనూ వస్తాను," అన్నాడు. "ఆ మనిషిని చూడాలి." కోటు లోపల కోడిని పెట్టుకుని బస్సెక్కాడు. కోడి తల కాలర్లోంచి బయట పెట్టి దారంతా ఊళ్లు చూసింది. దొడ్డి దగ్గర మర్యాదలయ్యాక ఆయన లేచి, కర్ర నేలకానించి, "మడోడా!" అన్నాడు, తన పాత పద్ధతిలో.

"చెప్పండి," అన్నాడు మామగారు.

"మిమ్మల్ని కాదు, మడోడా..."

"వింటున్నాను."

తాత మాటకారితనం అంతా ఆ రోజు అక్కడే ఆగిపోయింది. చివరికి ఇద్దరు ముసలివాళ్లూ బీరు డబ్బా మధ్యలో పెట్టుకుని, భుజాలు తట్టుకుంటూ, సాయంత్రందాకా ఒకరినొకరు అలాగే పిలుచుకుంటూ కూర్చున్నారు. కోడిని కొయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. అది ఆ ఇంట్లో చాలాకాలం గుడ్లు పెట్టింది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. మడోడా మంచి వయసుదాకా బతికి, ఒక చలికాలం నిద్రలో వెళ్లిపోయాడు. ఆయన పోయాక కూడా వూయెల్వా ఆ మాట అనలేదు. ఇప్పుడెవరు అడుగుతారమ్మా, అనేయ్ అంటే, "అనాలనిపించదే," అనేది. మాజోలా చివరి రోజుల్లో కోడలి చేతే తినేది. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకుని నవ్వుకునేవారు. గదంతా వినిపించే ఆ గుసగుసలో ఒక సగం మాత్రమే గుసగుస.

వూయెల్వాకి నలుగురు పిల్లలు. బోనిలే బస్సు మానేసి ఇంటి దగ్గరే ఉంటాడు. ప్రతి డిసెంబర్‌లో మా నది ఒడ్డున గుర్రప్పందాలు జరుగుతాయి. ఒక ఏడాది మైకు చెడిపోయింది. పందెం నడిపే కుర్రాళ్లు తెల్లమొహాలు వేసి, దిక్కుతోచక, ఆవిడ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ శాలువా బిగించి, ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి నిలబడింది. అవతలి కొండ చుట్టూ తిరిగి వస్తున్న గుర్రాలు ఇవతలివాళ్లకి ఇంకా దుమ్ములాగే ఉన్నాయి.

"గోధుమరంగుది ముందుంది!" అని అరిచింది. "కాదు కాదు, తెల్లమచ్చది! అయ్యో లాగులారా, చూడండి, చూడండి, ఆ చిన్న నల్లగుర్రం ఎక్కడినుంచొచ్చిందీ!"

జనం మునివేళ్ల మీద లేచారు. పందెంలో ఉన్న ఒక గుర్రం ఆ గొంతుకి బెదిరి, రౌతుతో సహా, నేరుగా నదిలోకి దిగి అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. ఆవిడ దాన్ని కూడా చివరిదాకా వదలకుండా చెప్పింది, అదే గెలుస్తున్నంత సంబరంగా. ఆ మర్నాడే కమిటీవాళ్లు మైకు బాగుచేయించారు. రెండేళ్లు వాడి, జనం ఆవిడ గొంతే కావాలంటే, దాన్ని పక్కూరి వాళ్లకి అమ్మేశారు.